16 సెకన్ల జాడీ, ఆరు వారాల తరగతి

"నోరికో జాడీ వైపు చూస్తుంది. ఆమె కళ్లు చెమరుస్తాయి."

సినిమా అధ్యయనం తరగతిలో 'లేట్ స్ప్రింగ్' అనే జపాను సినిమా మీద మొదటి విడత వ్యాసాలు దిద్దుతుంటే ఈ రెండు వాక్యాలు, కాస్త అటూ ఇటూగా, సగానికి పైగా కాగితాల్లో కనబడ్డాయి. రెండో వాక్యంతో నాకు పేచీ లేదు. తప్పంతా మొదటిదానిలో ఉంది. నోరికో జాడీని చూసిందని ఆ సినిమా ఎక్కడా చెప్పదు. ఆమె వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తూ ఉంటుంది. జాడీని చూసింది ప్రేక్షకులు. తాము చూసినదాన్ని ఆమె చూపుగా రాసేశారు.

ఒకరిద్దరు రాసి ఉంటే పొరపాటు అనుకుని ఎర్ర సిరాతో గీత పెట్టి ఊరుకునేవాణ్ణి. ఇంతమంది ఒకే తప్పు రాశారంటే లోపం పాఠంలోనే ఉండాలి. ఆ లోపం ఎక్కడుందో వెతకడానికీ దిద్దుకోవడానికీ పట్టిన ఆరు వారాల కథ ఇది.

సినిమా చూడనివారి కోసం ఆ దృశ్యం గురించి నాలుగు మాటలు. యసుజిరో ఓజు 1949లో తీసిన 'లేట్ స్ప్రింగ్' చివరి భాగంలో తండ్రీ కూతుళ్లు కలిసి క్యోటో వెళతారు. కూతురు నోరికోకి పెళ్లి కుదిరింది. ఇద్దరూ కలిసి చేసే ఆఖరి ప్రయాణం ఇదే. కూతురిగా సెత్సుకో హరా, తండ్రిగా చిషు ర్యు నటించారు. రాత్రి సత్రంలో పక్కపక్కనే పరుపులు పరుచుకుని దీపం ఆర్పుతారు. తండ్రి స్నేహితుడు మళ్లీ పెళ్లి చేసుకోవడం తనకు నచ్చలేదని ఇదివరకు ఆమె ఆయన ముఖం మీదే అనేసింది. ఆ మాటకు ఇప్పుడు నొచ్చుకుంటోంది. అదే ఊపులో తండ్రి గురించి కూడా ఏదో చెప్పబోయి పక్కకు చూస్తుంది. ఆయన నిద్రపోయాడు. సన్నగా గురక. ఆమె పైకప్పు వైపు చూస్తూ లీలగా నవ్వుతుంది. కట్. గది చీకట్లో ఒక జాడీ, వెనక కాగితపు తలుపు మీద ఆకుల నీడలు. దాదాపు 6 సెకన్లు. కట్. మళ్లీ నోరికో. నవ్వు లేదు, ఏడుపుకి ముందుండే ముఖం. కట్. మళ్లీ అదే జాడీ, అదే చట్రం, ఈసారి దాదాపు 10 సెకన్లు. ఆ తర్వాత పగలు, క్యోటోలోని రియోఆంజి గుడిలో రాళ్ల తోట.

అంతే. ఈ కాసేపటి మీద పుస్తకాల్లో జరిగినంత వాదన మరే సినిమాలో ఏ వస్తువు మీదా జరగలేదేమో అనిపిస్తుంది నాకు.

నేను చేసిన పొరపాటు

తరగతి వారానికి ఒకసారి, సాయంత్రం మూడు గంటలు. వచ్చేవాళ్లు రకరకాల ఉద్యోగాలవాళ్లు. సినిమా పిచ్చి అందరికీ ఉంది, సినిమా చదువు ఎవరికీ లేదు. మొదట చరిత్ర, తర్వాత సిద్ధాంతం, ఆ తర్వాత దృశ్యభాష అని వరుస పెట్టుకున్నాను. పాఠ్యపుస్తకాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి అనుమానం రాలేదు.

ఆ వరుస ప్రకారం జాడీ గురించి నలుగురు రాసిన భాగాలను సినిమాకు ముందే ఇచ్చాను. 1972 పుస్తకంలో సినిమా విమర్శకుడు పాల్ ష్రేడర్ ఈ జాడీలో నిశ్చలతను చూస్తాడు. భావోద్వేగం పొంగి, నిలిచి, మరొకటిగా మారే చోటు అది అంటాడు. ఓజు మీద పుస్తకం రాసిన డొనాల్డ్ రిచీకి అది మన స్పందనను పట్టి ఉంచే గిన్నె లాంటిది. 1985లో ఫ్రెంచి తత్వవేత్త జిల్ డెలూజ్ దాన్ని కాలానికి నేరుగా దొరికిన చిత్రం అన్నాడు. మార్పు జరుగుతుంది, కానీ ఏ రూపంలో జరుగుతుందో ఆ రూపం మారదు అని ఆయన వాదన. 1988లో సినిమా పండితురాలు క్రిస్టిన్ థాంప్సన్ వీటన్నిటి మీదా చన్నీళ్లు చల్లింది. అక్కడ జాడీయే ఉండాలన్న నియమం లేదు, కథకు సంబంధం లేని మరే వస్తువైనా ఆ పని చేస్తుంది అంది.

నలుగురూ చదవదగ్గవాళ్లే. కానీ వాళ్లను ముందు చదివి సినిమా చూసినవాళ్లకు తెర మీద జాడీ రాగానే 'ఆ, ఇదే అది' అన్న గుర్తింపు కలిగింది. గుర్తుపట్టాక ఇక చూడటం ఆగిపోయింది. పరీక్షకు వచ్చే ప్రశ్న ముందే తెలిసిన విద్యార్థి పుస్తకం ఎలా తిరగేస్తాడో వీళ్లు ఆ దృశ్యాన్ని అలా చూశారు. పైగా అంత పెద్దవాళ్లు అంత రాశారంటే కథానాయికకూ జాడీకీ ఏదో సంబంధం ఉండే ఉంటుందని మనసు తనంతట తానే లంకె వేసుకుంది. 'చూస్తుంది' అన్న క్రియ అక్కడి నుంచి వచ్చింది.

తరగతిలో ఆడిట్ ఉద్యోగం చేసే ఒకావిడ ఉన్నారు. ఓచరు చూడకుండా అంకె ఒప్పుకోని వృత్తి. ఆవిడ వ్యాసంలోనూ ఆ వాక్యం ఉంది. దృశ్యం మళ్లీ వేసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చూడకుండా సంతకం పెట్టేశాను సార్" అన్నారు. ఇక్కడి నుంచి ఈ కథలో ఎక్కువ భాగం ఆవిడదే.

పట్టిక

రెండో వారం సిద్ధాంతం పక్కన పెట్టించాను. దీపం ఆరిన దగ్గర్నుంచి రాళ్ల తోట వరకు షాట్ విభజన చేయమన్నాను. పట్టికలో గడులు ఇవి: షాట్ సంఖ్య, ఎన్ని సెకన్లు, ఎంత దగ్గర నుంచి, చట్రంలో ఏముంది, ఏం కదిలింది, ఏం వినిపించింది. అర్థానికి గడి లేదు. 'విషాదంగా', 'ప్రశాంతంగా' లాంటి మాటలు రాయకూడదు. 'పెదవుల చివర్లు కిందికి దిగాయి' అనొచ్చు. 'కుమిలిపోతోంది' అనకూడదు.

వినడానికి సులువు. చేయబోతే నిమిషం పైచిలుకు దృశ్యానికి తరగతి మొత్తం పట్టింది. స్టాప్‌వాచ్‌లతో ఒకే షాట్‌ను కొలిస్తే ఐదున్నర అని ఒకరు, ఆరున్నర అని ఇంకొకరు. కట్ పడిన క్షణాన్ని కన్ను ఎంత ఆలస్యంగా పట్టుకుంటుందో అక్కడే తెలిసింది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి కంప్యూటర్లో ఒక్కో ఫ్రేము జరుపుతూ లెక్క సరిచేశాం.

పట్టిక నింపుతుంటే మొదట బయటపడింది జాడీ రెండుసార్లు వస్తుందని. వ్యాసాల్లో దాదాపు అందరూ ఒక్కసారే రాశారు. నవ్వు, జాడీ, కన్నీరు అనే మూడు మెట్ల వరుస చక్కగా ఉంటుంది కదా, కన్నీటి తర్వాత వచ్చే రెండో జాడీ ఆ వరుసకు అడ్డం. అడ్డమైనదాన్ని జ్ఞాపకం తుడిచేసింది. అదీ ఎక్కువసేపు ఉన్న జాడీని!

రెండోది ఇంకా ముచ్చటైనది. 'ఏం వినిపించింది' గడిలో ఒకతను వరుసగా గురక, గురక, గురక, గురక అని రాసుకుంటూ పోయి, పని ఎగ్గొట్టినట్టు ఉంటుందేమోనని మొహమాటపడ్డాడు. అసలు సంగతి ఆ గడిలోనే ఉంది. ధ్వని తీసేసి దృశ్యం వేశాను. మొదటిసారి నోరికోని చూసినప్పటికీ రెండోసారి చూసినప్పటికీ మధ్య ఎంతసేపు గడిచి ఉంటుందని అడిగితే, గంట అన్నవారున్నారు, తెల్లవారబోతోంది అన్నవారున్నారు. ధ్వనితో వేశాను. గురక తెగకుండా సాగుతోంది కాబట్టి కాలమూ తెగలేదు. అంటే ఆ నవ్వు పోయింది ఈ ఆరు సెకన్లలోనే, మనం జాడీని చూస్తున్నప్పుడే. నవ్వు కరిగే క్షణాన్ని ఏ దర్శకుడైనా క్లోజప్‌లో చూపించాలని తహతహలాడతాడు. చేతిలో ఉన్నది సెత్సుకో హరా. ఓజు సరిగ్గా ఆ క్షణంలో కెమెరాను పక్కకు తిప్పి మనకు సామాను చూపిస్తాడు.

తిప్పి అన్నాను గానీ కెమెరా తిరగదు, కట్ అవుతుంది. పట్టిక అలవాటయ్యాక నా మాటలే నాకు తప్పుగా వినిపించడం మొదలైంది.

కులెషోవ్ తలకిందులు

మూడో వారం ఒకతను చెయ్యెత్తి, ఇది కులెషోవ్ ప్రయోగమే కదా అన్నాడు. చరిత్ర పాఠంలో చెప్పుకున్నదే. 1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ నటుడు మొజ్జుఖిన్ ముఖాన్ని తీసుకుని పక్కన వేర్వేరు వస్తువులు అతికించాడు. ఆయన శిష్యుడు పుదోవ్‌కిన్ చెప్పిన ప్రకారం సూపు పళ్లెం, శవపేటికలో స్త్రీ, బొమ్మతో ఆడుకునే పాప. ముఖం ఒకటే అయినా ప్రేక్షకులు ఆకలి, దుఃఖం, వాత్సల్యం చూశామన్నారట.

ఆడిట్ ఆవిడ పట్టిక చూసుకుంటూ, "ఇక్కడ తిరగబడింది సార్" అన్నారు. "అక్కడ ముఖం మారదు, వస్తువు మారుతుంది. ఇక్కడ వస్తువు మారదు, ముఖం మారుతుంది."

ఈ మాట నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. రాసుకుని పెట్టుకున్నాను. కులెషోవ్ దగ్గర వస్తువు ముఖానికి అర్థం ఇస్తుంది. ఇక్కడ ముఖాలు రెండు అర్థాలు తెచ్చి ఒకే జాడీలో పోస్తాయి. మొదటి జాడీ నవ్వు తర్వాత వస్తుంది, రెండోది కన్నీటి ముఖం తర్వాత. చట్రం అదే అయినా చాలామందికి రెండోది ఎక్కువ చీకటిగా తోచింది. రెండు ఫ్రేములూ పక్కపక్కన పెట్టి చూపించేదాకా ఒప్పుకోలేదు.

కులెషోవ్ ప్రయోగం గురించి మరో సంగతి. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు. దాన్ని గుర్తుచేసుకుని చెప్పినవాళ్లు కూడా అందులో ఏయే వస్తువులు ఉన్నాయన్న దాని మీద ఒకే మాట చెప్పలేదు. సినిమా సిద్ధాంతంలో అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించే ప్రయోగం మనకు దక్కింది జ్ఞాపకాల రూపంలోనే. నా విద్యార్థులు జాడీని ఎలా గుర్తుపెట్టుకున్నారో చూశాక ఈ విషయం అంత తేలిగ్గా మింగుడు పడలేదు.

దీన్నుంచే ఒక సందేహం వచ్చింది. మరి చరిత్ర పుస్తకాల్లో ఉన్నదాన్ని ఎంతవరకు నమ్మాలి? దానికి నా దగ్గర ఒక పాత ఉదాహరణ ఉంది. అమెరికన్ దర్శకుడు ఎడ్విన్ పోర్టర్ 1903 సినిమా 'లైఫ్ ఆఫ్ ఆన్ అమెరికన్ ఫైర్‌మన్' చివర్లో అగ్నిమాపక సిబ్బంది ఒక తల్లినీ బిడ్డనూ కాపాడతారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దగ్గరున్న ప్రతిలో గది లోపలి షాట్లు, బయటి షాట్లు ఒకదాని మధ్యలో ఒకటి వస్తాయి. దాన్ని చూసి చాలాకాలం చరిత్రకారులు పోర్టర్‌ను ఆ రకం కూర్పుకు ఆద్యుడిగా రాశారు. అమెరికా కాపీరైటు చట్టంలో 1912 వరకు సినిమాకు విడిగా చోటు లేదు. అందుకే నిర్మాతలు తమ సినిమాలను కాగితం మీద ఫొటోలుగా ముద్రించి దాఖలు చేసేవారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మిగిలిన ఆ కాగితపు ప్రతిలో చూస్తే, రక్షించడం మొత్తం ఒకసారి గది లోపలి నుంచి జరుగుతుంది. అయిపోయాక అదే మళ్లీ మొదటి నుంచి బయటి వైపు నుంచి జరుగుతుంది. మధ్యలో కోసి అల్లింది తర్వాతి కాలపువారు. జరిగిందే మళ్లీ జరుగుతుంటే మనకు వింతగా ఉంటుంది. అప్పటివారికి అది కథ చెప్పే ఒక పద్ధతి. తర్వాతి కాలానికి అది తప్పుగా తోచి ఎవరో సరిదిద్దారు. ఆ దిద్దుబాటును చరిత్ర పోర్టర్ ఖాతాలో జమ వేసింది.

జమ అన్న మాట విని ఆడిట్ ఆవిడ నవ్వారు.

కోసి చూడటం

నాలుగో వారం దృశ్యాన్ని కంప్యూటర్లో మేమే కోశాం. ఇలాంటివి తరగతి గదికే పరిమితం అని ముందే అనుకున్నాం.

జాడీలు రెండూ తీసేస్తే నవ్వు ముఖం పక్కనే ఏడుపు ముఖం వచ్చి పడింది. అందరూ నవ్వారు. బాగోలేక కాదు, నటి ఏదో ట్రిక్కు చేసినట్టు అనిపించి. అంతవరకు జాడీని అలంకారం అనుకున్నవాళ్లకు అది లేకపోతే దృశ్యం కూలుతుందని అప్పుడు అర్థమైంది. తర్వాత జాడీ చోట నిద్రపోతున్న తండ్రిని పెట్టాం. దృశ్యం చక్కగా నడిచింది, మరీ చక్కగా నడిచింది. కూతురు తండ్రిని తలచుకుని బాధపడుతోంది, అంతే, ఇక చెప్పడానికి మిగలలేదు. ఒకతను దీన్ని అసలుదానికంటే బాగుందన్నాడు. చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా. అతన్ని ఒప్పించడానికి నేను పెద్దగా ప్రయత్నించలేదు. చూసి అన్న మాట అది.

మూడో ప్రయత్నంలో అదే సినిమాలోని మనుషుల్లేని గది షాట్ ఒకటి తెచ్చి పెట్టాం. ఇది దాదాపు పనిచేసింది. దాదాపు అనే అనాలి, ఎందుకంటే ఆ గది వెలుతురు వేరు. రాత్రి పోయింది, ఆకుల నీడలు పోయాయి. థాంప్సన్ అన్న 'ఏ వస్తువైనా' అన్న మాటను మా గదిలో మేము ఇలా పరీక్షించినట్టయింది. వస్తువు మారినా చెల్లుతుంది. మనిషి వస్తే చెల్లదు. అదే రాత్రి, అదే గది అని తెలియకపోతే చెల్లదు.

పట్టిక రోగం

ఇంతలో కొత్త జబ్బు పట్టుకుంది. పట్టిక రుచి మరిగినవాళ్లు కనబడ్డ ప్రతి సినిమాకూ పట్టిక వేయసాగారు. ఒకతను మరో సినిమాలోని ఒక పోట్లాట దృశ్యానికి తొంభై పైచిలుకు వరుసలు నింపి తెచ్చాడు. ప్రతి షాట్ సెకనులో పదో వంతు వరకు కొలిచాడు. దీన్నుంచి ఏం తెలిసిందని అడిగితే, "షాట్లు చిన్నవని" అన్నాడు. అది పట్టిక లేకపోయినా తెలుస్తుంది.

తప్పు మళ్లీ నాదే. అర్థం రాయొద్దన్నాను కానీ ఎప్పటివరకు రాయొద్దో చెప్పలేదు. పట్టికకు ఒక గడి చేర్చాను: 'ఇది తీసేస్తే ఏం పోతుంది?' ప్రతి వరుసకూ కాదు, విద్యార్థి తానే ఎంచుకున్న మూడు వరుసలకు మాత్రమే. ఆ మూడింటి ఎంపికే అసలు విమర్శ అని నాకు నెమ్మదిగా అర్థమైంది. కొలవడం ఎవరికైనా నేర్పొచ్చు. తొంభైలో ఏ మూడు అన్నది ఎలా నేర్పాలో నాకింకా చేత కాలేదు.

సిద్ధాంతం మళ్లీ

ఐదో వారం ఆ నలుగురినీ తిరిగి తెరిచాం. అవే పేజీలు, కానీ ఈసారి చదువు తీరు వేరు. మొదట డెలూజ్‌ను చదివి తల ఊపినవాళ్లు ఇప్పుడు ఆయన వాక్యం పక్కన తమ పట్టికలోని వరుస సంఖ్య రాసుకున్నారు. మారని రూపం అంటే మూడో వరుస, ఐదో వరుస ఫ్రేముకు ఫ్రేము ఒకేలా ఉండటమే కదా అని ఒకరు. రిచీ చెప్పిన గిన్నెలో మనం ఏదో పోస్తాం అన్నది మా కులెషోవ్ తిరగేతకు దగ్గరగా ఉందని ఇంకొకరు. ష్రేడర్ నిశ్చలత మీద మాత్రం వాదన గట్టిగా నడిచింది. గురక వినిపిస్తుండగా అది ఎంత నిశ్చలం? అంత ఉదాత్తమైన క్షణం వెనక ఓ ముసలాయన హాయిగా గురక పెడుతున్నాడు, ఆ హాస్యాన్ని వదిలేసి మాట్లాడితే ఓజుకి అన్యాయం కాదా? ఈ ప్రశ్న మొదటి వారంలో ఎవరూ అడగలేకపోయేవారు, ఎందుకంటే గురక ఎవరికీ వినబడలేదు.

ఈ అనుభవం తర్వాత నా వరుస మారింది. ఇప్పుడు మొదటి తరగతిలో దర్శకుడి పేరు, సినిమా పేరు, సంవత్సరం ఏదీ చెప్పకుండా దృశ్యం వేస్తాను. విమర్శ భాగాలు ఐదో వారానికి ముందు ఇవ్వను. దీనివల్ల ఒక నష్టం ఉంది. చరిత్ర ముక్కలు ముక్కలుగా వస్తుంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లుమియేర్ సోదరులు టికెట్టు పెట్టి వేసిన ప్రదర్శన గురించి చెప్పేసరికి కొందరు అప్పటికే ఓజు దాకా వెళ్లిపోయి ఉంటారు. కాలక్రమం కోరేవాళ్లకు చిరాకు. దీనికి నా దగ్గర మంచి పరిష్కారం లేదు. గోడ మీద సంవత్సరాల పటం ఒకటి పెట్టి సరిపెడుతున్నాను.

ఆఖరి వారం అందరూ మొదటి వ్యాసాన్నే తిరగరాశారు. ఆడిట్ ఆవిడది ఒక్క పేజీ. మొదటి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి: "నోరికో జాడీని చూడదు. జాడీని మనకు చూపిస్తారు, ఆమె ముఖాన్ని చూడనివ్వకుండా." తర్వాత పేరాలో గురక, కాలం తెగకపోవడం, నవ్వు పోయిన క్షణం కనబడకపోవడం, అన్నీ వరుస సంఖ్యలతో సహా ఉన్నాయి. మొదటి జాడీ ఏం దాచిందో తేల్చేశారు. రెండో జాడీ దగ్గరికి వచ్చేసరికి పది సెకన్లు అని రాసి, గీత గీసి, ఆపేశారు.

నేను ఉండబట్టలేక అడిగాను. మొదటిది నవ్వు పోవడాన్ని దాచింది, రెండోది దాచింది ఏడుపునే కదా? ఆ ముఖం తర్వాత ఆమె నిజంగా ఏడ్చిందో లేదో మనకు తెలియదు, జాడీ వెళ్లేసరికి తెల్లవారి రాళ్ల తోట వచ్చేస్తుంది. ఆ ఒక్క వాక్యం చేరిస్తే వ్యాసం పూర్తవుతుంది కదా అన్నాను.

ఆవిడ పట్టిక తీసి ఐదో వరుస మీద వేలు పెట్టి చదువుకున్నారు. జాడీ. ఆకుల నీడలు. గురక.

"ఏడుపు ఇందులో లేదు సార్" అన్నారు.